నరసాపురం నుంచి హాంబర్గుకు: ఓడ-రైలు సరుకు రవాణా సేవపై ఒక లేసు వ్యాపారి సమీక్ష

విశాఖపట్నంలో కార్యాలయం ఉన్న ఒక ఫార్వార్డింగ్ ఏజెన్సీ వారి "సముద్రం-రైలు" సేవను నేను 2024 జనవరిలో వాడుకున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. నా అభ్యంతరం ఆ ఒక్క సంస్థ మీద కాదు, ఓడ కంటే పదిహేను రోజులు ముందే చేరుస్తామంటూ ఇదే సేవను ఇవే మాటలతో అమ్మేవారందరూ చెప్పే లెక్క మీద. అప్పటి సంగతి ఇప్పుడు రాయడానికి కారణం, ఆ సేవ గురించి అప్పట్లో పంచిన కరపత్రమే ఈ మధ్య వాట్సాప్‌లో మళ్లీ తిరగడం, సీతారామపురం, పాలకొల్లు వైపు లేసు వ్యాపారులూ అంబాజీపేట వైపు కొబ్బరి పీచు వ్యాపారులూ నాకు ఫోన్ చేసి "మీరు పంపారు కదా, ఎలా ఉంది?" అని అడగడం. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కంటే ఒకచోట రాస్తే మేలనిపించింది.

ముందుగా ఆ సేవ ఏమిటో చెబుతాను. సరుకు విశాఖలో ఓడ ఎక్కుతుంది, ఆగ్నేయాసియాలోని పెద్ద రేవులో ఓడ మారుతుంది, చైనా తూర్పు తీరంలో దిగుతుంది, అక్కడి నుంచి లోపలి నగరమైన షియాన్ చేరి యూరప్ వెళ్లే రైలు ఎక్కుతుంది. ఆ రైలు కజకస్తాన్, రష్యా, బెలారుస్ దాటి, పోలండ్ సరిహద్దులోని మాలషెవిచె మీదుగా జర్మనీలోని డ్యూయిస్‌బుర్గ్ చేరుతుంది. అక్కడి నుంచి హాంబర్గుకు లారీ. పటం ముందు పెట్టుకుని చూస్తే ఎవరికైనా ఒక సందేహం రావాలి: పడమటికి పోవలసిన సరుకు ముందు తూర్పుకు ఎందుకు పోతోంది? నాకూ వచ్చింది. అయినా ఒప్పుకున్నాను. ఆ రోజుల పరిస్థితి అలాంటిది.

2023 నవంబరులో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలై, డిసెంబరు మధ్యకల్లా పెద్ద షిప్పింగ్ కంపెనీలు సూయజ్ దారి వదిలి ఆఫ్రికా దక్షిణ కొసన గుడ్‌హోప్ అగ్రం చుట్టి రావడం మొదలుపెట్టాయి. దానివల్ల యూరప్ ప్రయాణానికి అదనంగా పది నుంచి పద్నాలుగు రోజులు పట్టేది. అద్దెలు వారం వారం మారేవి. మా హాంబర్గు కొనుగోలుదారు అడిగినవి ఈస్టర్‌కు దుకాణాల్లో పెట్టే బల్ల గుడ్డలు. ఆ ఏడాది ఈస్టర్ మార్చి 31న వచ్చింది. ఆర్డరులో సగం డిసెంబరు 22న విశాఖ నుంచి మామూలు సముద్ర మార్గంలో వెళ్లిపోయింది. మిగతా సగానికి లేసు ముక్కలను కలిపి కుట్టే అతుకు పని ఇంకా కొంత ఉండగానే సంక్రాంతి వచ్చింది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఇక మా ఊళ్లలో ఆ నాలుగు రోజులు సూది పట్టే ఆడవారిని ఎవరు అడగగలరు? పండుగ ముగిశాక, జనవరి 18న పెట్టెలు లారీ ఎక్కాయి. సముద్రం మీద పంపితే ఈస్టర్‌కు అందుతాయో లేదో తెలియని స్థితిలో "ఓడ ఎక్కిన నాటి నుంచి 38 నుంచి 40 రోజుల్లో హాంబర్గు" అన్న మాట వినబడితే ఎవరైనా ఆగి వింటారు.

జరిగింది చెబుతాను. జనవరి 24న ఓడ బయలుదేరింది. మధ్య రేవులో ఓడ మారి చైనా చేరేసరికి ఫిబ్రవరి రెండో వారం వచ్చింది. ఆ ఏడాది చైనా కొత్త సంవత్సరం ఫిబ్రవరి 10. మాకు సంక్రాంతి ఎంతో వారికి అది అంతకు రెట్టింపు. గోదాములు, లారీలు, కస్టమ్స్ ఏజెంట్లు అందరూ సెలవులో ఉన్నారు. మా పెట్టెలు రేవు గోదాములో కూర్చున్నాయి. రైలు బయలుదేరింది 24న. డ్యూయిస్‌బుర్గ్ చేరి, కంటైనరు విప్పి, లారీలో హాంబర్గు చేరేసరికి మార్చి 21. మొత్తం 57 రోజులు. ఆఫ్రికా మొత్తం చుట్టి వెళ్లిన మొదటి సగానికి పట్టినవి 52 రోజులు.

పండుగ ఎప్పుడొస్తుందో క్యాలెండరులో ఉంటుంది. దాన్ని ముందే చూసి చెప్పవలసింది ఏజెన్సీ. అడిగితే వారి ప్రతినిధి ఎంతో మర్యాదగా "సార్, అది మా చేతుల్లో లేదండీ" అన్నారు. రైలు ఆలస్యం వారి చేతుల్లో లేకపోవచ్చు గానీ, 40 రోజులన్న మాట మాత్రం వారి చేతుల్లోనిదే. కొనుగోలుదారు సరుకు తీసుకున్నారు, ధరలో పది శాతం కోత పెట్టారు. అతుకు పని చేసే మా పెద్దావిడ ఒకరు విషయం విని "ఓడేమైనా మునిగిందా బాబూ?" అని అడిగారు. మునగలేదమ్మా, రైలెక్కింది అంటే ఆవిడకు అర్థం కాలేదు. నాకూ అంత బాగా అర్థమైందని చెప్పలేను.

పండుగ రాకపోయి ఉంటే ఈ సేవ లాభించేదా? నా సమీక్షలో అసలు ప్రశ్న ఇదే, ఎందుకంటే ఒక్క దురదృష్టాన్ని చూపి సేవను తీసిపారేయడం న్యాయం కాదు. కాబట్టి వారు చెప్పిన రోజులే నిజమయ్యాయనుకుని లెక్క వేశాను. మా సరుకు ఏడు ఘనమీటర్లు, విలువ 18 లక్షలు. సముద్ర మార్గంలో అన్నీ కలిపి సుమారు 55 వేలు అయ్యేది. ఓడ-రైలుకు మేము కట్టింది 1 లక్షా 20 వేలు. అంటే 65 వేలు అదనం. బదులుగా వారు ఆదా చేస్తామన్నది పదిహేను రోజులు. బ్యాంకు ప్యాకింగ్ క్రెడిట్ (ఎగుమతి సరుకు తయారీకి ఇచ్చే అప్పు) మీద ఏడాదికి పది శాతం వడ్డీ వేసుకుంటే, 18 లక్షల మీద పదిహేను రోజుల వడ్డీ 7,400 రూపాయలు. ఏడు వేల నాలుగు వందలు మిగుల్చుకోవడానికి 65 వేలు పెట్టడం ఏ వ్యాపారమో మా నాన్నగారు బతికి ఉంటే తప్పక అడిగేవారు.

ఇదే లెక్కను తిరగేసి చూస్తే రైలు ఎవరికి పనికొస్తుందో తెలుస్తుంది. 65 వేల అదనపు ఖర్చును పదిహేను రోజుల వడ్డీ పూడ్చాలంటే అదే ఏడు ఘనమీటర్లలో దాదాపు కోటీ అరవై లక్షల సరుకు ఉండాలి. లేసులో అది జరగని పని. ఒక లాప్‌టాప్ పెట్టె పన్నెండు లీటర్ల చోటు తీసుకుంటుందనుకుంటే, ఏడు ఘనమీటర్లలో అయిదు వందల ఎనభై దాకా పడతాయి. ఒక్కొక్కటి 40 వేలనుకున్నా రెండు కోట్లు దాటుతుంది. చైనా నుంచి యూరప్‌కు ఈ రైళ్లు 2011లో ఛోంగ్‌చింగ్ నుంచి డ్యూయిస్‌బుర్గ్‌కు మొదలైనప్పుడు అందులో వెళ్లినవి అక్కడి కర్మాగారాల్లో తయారైన లాప్‌టాప్‌లు, ఎలక్ట్రానిక్ సామాను కావడం యాదృచ్ఛికం కాదు. ఛోంగ్‌చింగ్ తూర్పు తీరానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా లోపల ఉంది. అక్కడివారు ఓడ ఎక్కించాలంటే ముందు సరుకును తూర్పుకు మోయాలి, తరువాత పడమటికి తిప్పాలి. వారికి రైలు అడ్డదారి. మాకు అదే చుట్టుదారి, ఎందుకంటే మా గుమ్మం ముందే సముద్రం ఉంది, వారి రైలు ఎక్కడానికి మేము వారి ఊరు పోవాలి.

వడ్డీ ఒక్కటే కాలానికి ధర కాదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. ఈస్టర్ దాటిన ఈస్టర్ బల్ల గుడ్డకు విలువ సగం. అలాంటి సరుకు విషయంలో పదిహేను రోజులకు వడ్డీ కంటే చాలా ఎక్కువ ధర ఉంటుంది, నేను సంతకం పెట్టిందీ అందుకే. అయితే అంత విలువైన గడువు ఉన్నప్పుడు కొనవలసింది సగటు వేగం కాదు, నమ్మకం. అన్ని సరిహద్దులు, రెండు గేజ్ (పట్టాల మధ్య వెడల్పు) మార్పులు ఉన్న దారిలో దొరకనిది కూడా అదే.

ఆ గేజ్ సంగతి కరపత్రంలో ఒక్క మాటైనా లేదు. చైనాలో పట్టాల మధ్య దూరం 1,435 మిల్లీమీటర్లు. కజకస్తాన్ నుంచి బెలారుస్ దాకా, అంటే పాత సోవియట్ దేశాలన్నిటిలో, 1,520. పోలండ్‌లో మళ్లీ 1,435. తేడా 85 మిల్లీమీటర్లే, నాలుగు వేళ్ల వెడల్పు. ఆ నాలుగు వేళ్ల కోసం ప్రతి కంటైనరునూ క్రేనుతో ఒక రైలు నుంచి దించి ఇంకొక రైలు మీద పెట్టాలి, అదీ రెండుసార్లు. ఆ పని జరిగే మాలషెవిచె వంటి చోట్ల తాకిడి పెరిగితే రైళ్లు వరుసలో నిలబడతాయి. దారిలో ఒక దేశం తలుపు మూస్తే కథ అంతటితో ఆగుతుంది: 2025 సెప్టెంబరులో పోలండ్ బెలారుస్‌తో సరిహద్దును దాదాపు రెండు వారాలు మూసినప్పుడు ఆ దారిన పోయే రైళ్లు నిలిచిపోయాయి. సముద్రంలోనూ ఆటంకాలు వస్తాయి. 2021 మార్చిలో ఒకే ఒక్క ఓడ అడ్డం తిరిగి సూయజ్ కాలువను ఆరు రోజులు మూసేసింది. కానీ ఓడకు చుట్టూ నీరుంటుంది, దారి మూస్తే ఆఫ్రికా చుట్టి పోతుంది. పట్టాల మీది బండి అలా పోలేదు. కాస్పియన్ సముద్రం దాటి అజర్‌బైజాన్, జార్జియాల మీదుగా పోయే మధ్య దారి ఒకటి ఉంది, 2017లో బాకూ-త్బిలిసి-కార్స్ రైలు మార్గం కూడా తెరిచారు. అయితే అందులో రైలు దిగి ఓడ, ఓడ దిగి మళ్లీ రైలు. ప్రతి మార్పిడికీ కూలీ, కాలం, కాగితం.

ఇక పరిమాణం మాట. నేటి అతిపెద్ద కంటైనరు ఓడల్లో 20 అడుగుల కంటైనర్లు 24 వేల దాకా పడతాయి. చైనా-యూరప్ రైలు ఒకదానికి 40 అడుగుల పెట్టెలు 50 నుంచి 55 దాకా, అంటే 20 అడుగుల లెక్కలో వంద నుంచి నూట పది. ఒక్క ఓడ చేసే పనికి దాదాపు 220 నుంచి 240 రైళ్లు కావాలి, వాటికి అన్ని ఇంజన్లు, అన్ని దేశాల్లో అంతమంది డ్రైవర్లు. ఓడను నడిపేది పాతిక మందిలోపు. 2023లో చైనా-యూరప్ మధ్య ఏడాది మొత్తం మీద నడిచిన రైళ్లు 17 వేల పైచిలుకు, అవి మోసినవి 20 అడుగుల లెక్కలో దాదాపు 19 లక్షల కంటైనర్లు. చూడడానికి పెద్ద అంకె. 24 వేల కంటైనర్ల ఓడలు ఎనభై నిండుగా ఒక్కసారి పోతే ఆ ఏడాది పని తీరిపోతుంది. పైగా ఈ రైలు అద్దె దాని అసలు ధర కాదు. చైనాలోని నగరాల, రాష్ట్రాల ప్రభుత్వాలు తమ ఊరి నుంచి రైలు నడవాలన్న పోటీతో ఏళ్ల తరబడి రాయితీలు ఇచ్చాయి. అవి మితిమీరడంతో, మొత్తం ఖర్చులో రాయితీ 2018లో సగానికి, తరువాత 40, ఆపైన 30 శాతానికి మించరాదని చైనా కేంద్ర ప్రభుత్వం పరిమితి పెట్టుకుంటూ వచ్చింది. ఇంకొకరి ఖజానా ఆసరాతో నడిచిన బండి కూడా నాకు ఓడకు రెట్టింపు పైగా పడిందంటే, ఆసరా పూర్తిగా తీసేస్తే ఎంత పడేదో!

డెల్టాలో పుట్టినవాడికి ఇదంతా కొత్త వాదం కాకూడదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ గారు తన జీవితంలో సగం ఇదే చెప్పారు: ఈ దేశంలో చవక సరుకు దూరం పోవాలంటే రైలు కాదు, నీటి దారి కావాలి, ఎందుకంటే పేదవాడి ధాన్యం రైలు అద్దె భరించలేదు. రైళ్లకు పెట్టిన డబ్బు కాలువలకు పెట్టమని ఇంగ్లండు పెద్దలతో వాదించి ఓడిపోయారు. ఆయన విగ్రహానికి దండ వేసే ఊళ్లలో ఈ మాట గుర్తున్నవారు ఎందరో తెలియదు. మా తాతగారి కాలంలో నరసాపురం కాలువ మీద పడవలు బియ్యం, కొబ్బరికాయలు మోసేవి. గట్టున నడుస్తూ ఇద్దరు ముగ్గురు తాడుతో లాగితే కదిలే పడవలోని బరువును బండ్ల మీద వేస్తే ఎన్ని ఎడ్లు కావాలో లెక్క వేసుకోండి. నీటి మీద తేలే బరువును కదపడానికి పట్టే శక్తి తక్కువ. కాలువ పడవకూ 24 వేల కంటైనర్ల ఓడకూ మధ్య ఈ విషయంలో తేడా లేదు. కాలువ పడవలు లారీల ముందు ఓడిపోయాయి, నిజమే. అది దగ్గరి దూరాల కథ, గుమ్మం దాకా వచ్చే బండి కథ. ఖండాల మధ్య లెక్క వేరు.

కరపత్రం చివరి పేజీలో "రష్యాకు ఇరాన్ దారి" అని ఇంకొక సేవ ఉంది. ముంబయి వైపు రేవు నుంచి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కు ఓడ, అక్కడి నుంచి ఉత్తరానికి రైలు. నేను వాడలేదు కాబట్టి మార్కులు వేయను. కానీ అందులో కాస్పియన్ పడమటి ఒడ్డున పోయే రైలు గీతను మధ్యలో ఎక్కడా తెగకుండా గీశారు, అది సరికాదు. 2000 సెప్టెంబరులో భారత్, ఇరాన్, రష్యాలు సంతకాలు చేసిన ఆ మార్గంలో ఇరాన్‌లోని రష్త్ నుంచి ఆస్తరా దాకా 162 కిలోమీటర్ల పట్టాలు లేవు. వాటిని వేయడానికి రష్యా, ఇరాన్ ఒప్పందం చేసుకున్నదే 2023 మేలో. నవ్వుకునే ముందు మన వాకిలి చూసుకోవాలి. కోటిపల్లి-నరసాపురం లైను కూడా ఆ కాలంలోనే మంజూరైంది, పొడవు 57 కిలోమీటర్లు, దాటవలసినవి గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు. మా ఊరి స్టేషనులో పట్టాలు ఇంకా అక్కడే ఆగిపోతున్నాయి.

కాగితాల విషయంలో తోటి వ్యాపారులు తప్పక తెలుసుకోవలసినవి రెండు ఉన్నాయి. ఓడకు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ సరుకు మీద హక్కు పత్రం. అది ఎవరి చేతిలో ఉంటే సరుకు తీసుకునే హక్కు వారిది, అందుకే బ్యాంకు దాన్ని హామీగా పట్టుకుని డబ్బు ఇస్తుంది. రైలుకు ఇచ్చే కన్‌సైన్‌మెంట్ నోటు అలాంటిది కాదు, అది రవాణా ఒప్పందానికి రుజువు మాత్రమే. మాకు బిల్ ఆఫ్ లేడింగ్ చైనా రేవు దాకా ఇచ్చారు, ఆ తరువాత నోటు. మా బ్యాంకు మేనేజరు గారు ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసి, కొనుగోలుదారుతో పదేళ్ల పరిచయం ఉంది గనుక సరేనన్నారు. కొత్త కొనుగోలుదారైతే అనరు. రెండోది, మన ఒప్పందాల్లో అలవాటుగా రాసే సీఐఎఫ్ షరతు (ధరలోనే బీమా, ఓడ అద్దె కలిపేది) నీటి దారి రవాణాకే చెల్లుతుంది. మధ్యలో రైలు ఉంటే ఏ రవాణాకైనా చెల్లే సీఐపీ అని మార్చుకోవాలి. మేము మార్చలేదు, ఏజెన్సీ చెప్పలేదు. సరుకు క్షేమంగా చేరింది కాబట్టి ఆ తప్పు బయటపడలేదు. బీమా సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి. 2022 ఫిబ్రవరి తరువాత రష్యా మీదుగా పోయే సరుకుకు ప్రీమియం, మినహాయింపులు రెండూ మారాయి.

మంచి కూడా రాయాలి. విశాఖలో పెట్టెలు దించుకుని కంటైనరులో సర్దిన పని శుభ్రంగా ఉంది. చలికాలపు కజకస్తాన్ మైదానాల మీదుగా వెళ్లే సరుకుకు లోపల చెమ్మ పడుతుందేమోనన్న నా భయాన్ని వారే ముందుగా ఊహించి పాలిథిన్ పొర, చెమ్మ పీల్చే సంచులు పెట్టించారు. ఒక్క గుడ్డకూ మరక రాలేదు. రైలు ఏ స్టేషను దాటిందో రోజూ సందేశం వచ్చేది. ఆఫ్రికా చుట్టూ వెళ్లిన ఓడ గురించి మాకు వచ్చిన సందేశాలు మొత్తం మీద మూడు. బిల్లులో మాత్రం ముందు ఇచ్చిన ధరల పట్టీలో లేని రెండు పద్దులు వచ్చాయి, చైనా గోదాములో సెలవుల అద్దె, డ్యూయిస్‌బుర్గ్‌లో విప్పుడు కూలీ. గట్టిగా అడిగాక మొదటిది తగ్గించారు.

ఎవరు వాడవచ్చు అంటే, మన ప్రాంతంలో నాకు ఎవరూ కనబడడం లేదు. కాకినాడ నుంచి ఆఫ్రికాకు పోయే బియ్యానికి ఇది అసలు వర్తించదు. భీమవరం రొయ్యకు పెద్ద బజారైన అమెరికా సముద్రానికి అవతల ఉంది, అక్కడికి పట్టాలు లేవు. యూరప్ పంపేవారికి కూడా మైనస్ 18 డిగ్రీల్లో గడ్డకట్టిన రొయ్యకు పదిహేను రోజుల తొందర ఏముంది? పీచుకు చెప్పనే అక్కరలేదు, తేలికైన సరుకు, పెద్ద పరిమాణం, తక్కువ ధర. నిజంగా తొందరైతే మా లేసులో ఆఖరి రెండు పెట్టెలను విమానంలో వేసి మిగతాది ఓడలో పంపడం ఈ సేవ కంటే తక్కువలో తేలుతుంది. ఆ మరుసటి ఏడాది నేను చేసింది అదే.

సరుకు సర్దిన తీరుకూ సమాచారానికీ అయిదుకు నాలుగు ఇస్తాను. చెప్పిన గడువుకు ఒకటి. ధరకు, మన డెల్టా నుంచి పంపేవారి దృష్టితో, ఒకటి. ఎవరైనా ఇప్పటికే బుక్ చేసి ఉంటే, షియాన్‌లో రైలు ఎక్కే తేదీని రాతపూర్వకంగా తీసుకోండి, ఆ తేదీ చైనా పండుగకు అటో ఇటో చూసుకోండి.